సాక్షి దిబ్బ మీది తీగ

చెరువు కట్ట అడుగున ఊట కనబడడం వింతేమీ కాదు. ఐప్పసి నెల వానలకు నీళ్ళు అంచు దాకా వచ్చినప్పుడు ఎంత గట్టి కట్టయినా చెమరుస్తుంది. ఆ ఊట తేటగా ఉన్నంతసేపు ఒడ్డెవాడు చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటాడు. మడ్డిగా మారితే మాత్రం చుట్ట నేలకేసి నలిపి లేస్తాడు. మడ్డి వచ్చిందంటే కట్ట కడుపులో మన్ను కరుగుతున్నట్టు. ఆ తర్వాత కట్ట తెగడానికి ఒక పూట పట్టొచ్చు, ఒక గడియే పట్టొచ్చు.

ఆ పొద్దున మడ్డిని మొదట చూసింది చిన్నపొన్ను.

మూడు రోజుల ముసురు తెల్లవారేసరికి కాస్త తెరిపిచ్చింది. ఆమె పూల కోసం కట్టెక్కింది. మరునాడు పుదుచ్చేరి పట్నంలో కల్లరపండగ. కిరస్తానీ వేదంలో కలిసినవాళ్ళు తమ చచ్చినవాళ్ళ సమాధులను కడిగి, పూలు పెట్టి, వత్తులు వెలిగించే రోజు. కట్టకు లోపలి వాలున, నీళ్ళకు జానెడు పైన, ఒకే ఒక చోట కార్తిగ తీగ లేచి ఉంది. మొన్న పచ్చగా ఉన్న మొగ్గలు నిన్న పసుపైనాయి, ఈ పొద్దుటికి నిప్పు రంగు తిరిగినాయి. రేకులన్నీ వెనక్కి విరుచుకుని మంట మాదిరి పైకి లేచినాయి. ఆ తీగకు పట్టుకునే నులితీగలు వేరే ఉండవు. ఆకు కొసే సన్నగా సాగి, పసిబిడ్డ వేలు మాదిరి పక్కనున్న గడ్డిపోచను చుట్టుకుంటుంది. చిన్నపొన్ను ఆ పట్టు విడిపించలేక, పూలు మాత్రం తుంచి ఒడిలో వేసుకుంది.

ఉత్తరం నుంచి వచ్చిన బాతులు చెరువు నడిమధ్య నల్లగా తేలుతున్నాయి. ఏడాదికోసారి ఇదే నెలలో వస్తాయి. వాటికి తేదీ ఎవరు చెబుతారో ఆమెకు అంతుబట్టదు. కాసేపు వాటినే చూసి, బయటి వాలు దిగింది. కాలికి చల్లగా తగిలింది. వంగి చూస్తే అడుగున ఊట. కుడితి రంగులో ఉంది.

ఆమె అరిచిన అరుపుకు కట్ట కింది ఇరవై గుడిసెలూ లేచి వచ్చాయి.

వాళ్ళు ఒడ్డెవాళ్ళు. ఏ తాతల కాలంలోనో తెలుగు నేల నుంచి మన్ను పనికి దిగివచ్చి, మేట్టుపాళయం దారిలో ఈ చెరువు కిందే నిలిచిపోయారు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం, ఫ్రెంచి సర్కారు ముందు చేతులు కట్టుకోవడం, అదీ వాళ్ళ బతుకు. కట్ట తెగితే నీళ్ళు మొదట తినేది ఆ గుడిసెలనే. ఆ తర్వాతే పొలాలు, పట్నం పెద్దకాలవ, అక్కడి నుంచి సముద్రం.

గుంపుకు పెద్ద చెంగల్రాయన్, చిన్నపొన్నుకు మామ. అరవై ఏళ్ళ మనిషి. గడ్డపార దింపితే చప్పుడును బట్టి కింద రాయో నీరో చెప్పేవాడు. ఆయన వచ్చి ఊట దగ్గర గొంతుకూర్చున్నాడు. మడ్డిని వేళ్ళ మధ్య రుద్దాడు. మొహంలో రక్తం తగ్గింది.

"లోపల నోరు యాడుందో చూడండ్రా. సీక్రం!"

ఆయన కొడుకు మునియప్పన్, చిన్నపొన్ను మొగుడు, నడుముకు తాడు కట్టుకుని చెరువులోకి దిగాడు. ఊటకు సరిగ్గా ఎదురుగా మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ఎండ్రకాయ బొక్కయినా దొరకలేదు.

"ఏం లేదు నాయినా! గట్టిగా ఉండాది!"

"ఇంకో బార పక్కకు పో!"

అక్కడా లేదు. ఆకాశం మళ్ళీ నల్లబడింది. ఊట ఇప్పుడు చిటికెన వేలంత లావైంది.

అదే సమయానికి గొడుగేసుకుని కొలతల గుమాస్తా గోవిందరాజన్ వచ్చాడు. ఎండాకాలంలో ఈ కట్ట మరమ్మతుకు కొలతలు తీసి సంతకం పెట్టింది ఆయనే. చెప్పులు చేత పట్టుకుని, బురదలో కొంగ మాదిరి అడుగులేస్తూ అరిచాడు.

"ఏమయ్యా చెంగల్రాయా! ఆరు నెలలు నిలవలేదా నీ కట్ట? దొర అడిగితే నేనేం చెప్పాల?"

"ఎండ్రకాయ పనయ్యా. చూస్తాండాం."

"ఎండ్రకాయను పట్టి కచ్చేరికి తీసకపోదామా మరి?"

ఎవరూ నవ్వలేదు. చిన్నపొన్ను మామనే చూస్తూ ఉంది. ఆయన కళ్ళు నీళ్ళ మీద లేవు. కట్ట లోపలి వాలు మీద అటు చివర నుంచి ఇటు చివరకు పాకుతున్నాయి. నలభై బారల పొడవున ఒకే పచ్చిక. ఆయన పది అడుగులు నడిచాడు, ఆగాడు, తల అడ్డంగా ఆడించి వెనక్కి వచ్చాడు. ఆయన వెతుకుతున్నది ఎండ్రకాయ బొక్కను కాదని ఆమెకు తెలిసిపోయింది.

మన్ను తవ్వేటప్పుడు గుంట నడుమ ఒక దిబ్బను తవ్వకుండా వదులుతారు. దాని నెత్తిన పాత పచ్చిక అట్టే ఉంటుంది. పచ్చిక నుంచి గుంట అడుగు దాకా కొలిస్తే ఎంత లోతు తవ్వారో తెలుస్తుంది. అందుకే దాన్ని సాక్షి దిబ్బ అంటారు. కొలిచినాక గుమాస్తా కళ్ళ ముందరే పగలగొట్టాలి. పోయిన ఎండాకాలం, చిత్తిర నెలలో చెంగల్రాయన్ ఒక దిబ్బ నెత్తిన పచ్చికను పెళ్ళగా కోయించి, కింద మూరెడు ఎత్తు మన్ను కొత్తగా పోయించి, పెళ్ళను మళ్ళీ మూత మాదిరి పెట్టించాడు. తవ్వని లోతు కూడా తవ్వినట్టు కొలతకూ కూలికీ వచ్చింది. పగలగొడితే అతుకు బయటపడుతుందని, పగలగొట్టాల్సిన నాటికి ముందురోజు సాయంత్రమే కట్ట లోపలి వాలును దాని మీదికి దింపేశాడు. వానకు కరిగిపోయిందని గుమాస్తాకు చెప్పాడు. పచ్చిక తీయకుండా మన్ను పోస్తే పాతదీ కొత్తదీ అతుక్కోవని ఒడ్డెబిడ్డకు పాలతో పాటే తెలుస్తుంది. ఆయనకు తెలియదా? ఆ సందులోనే నీళ్ళకు దారి దొరికింది. సందు వెంబడే వాలుగా పారి, ఇంకెక్కడో బయటపడుతున్నాయి.

ఆ పెళ్ళ పెట్టింది చిన్నపొన్ను చేతులే. పచ్చిక పరచడం ఆడవాళ్ళ పని. మునియప్పన్ అప్పుడు గోరిమేడు రాళ్ళ పనిలో ఉన్నాడు, వాడికి తెలియదు. దిబ్బకు గుర్తుగా ఉన్న తుమ్మ చెట్టు ఇప్పుడు నిండా మునిగింది. యాడ పూడ్చాడో పూడ్చినవాడికే దొరకడం లేదు.

వాన చినుకు మొదలైంది.

అత్త అమ్మాయమ్మ తూము దగ్గరున్న గంగమ్మ రాళ్ళకు పసుపు రాసి వచ్చింది. ఆమె మాటకు గుంపులో ఎదురు లేదు.

"అందురూ రాండి. తలా ఒక పిడికెడు మన్ను, తల్లి పేరు చెప్పి ఊట మీద ఎయ్యాల. మా మామ కాలంలో ఇట్టనే నిలిచింది కట్ట. ఒక్క చెయ్యి తక్కువైనా మన్ను పట్టదు." కోడలి వైపు తిరిగింది. "నువ్వు గూడా."

"వేదంలో కలుస్తానని మాట ఇచ్చేసినా అత్తా. ఆ మొక్కు నేను మొక్కలేను. తట్ట ఎత్తమను, పొద్దుగూకేదాకా ఎత్తుతా."

"తట్ట ఎవురైనా ఎత్తుతారు! నీ చెయ్యి కావాల నాకు." అమ్మాయమ్మ గొంతు పైకి లేచింది. "ఆదివారం ఆదివారం మడత కోక కట్టుకుని పట్నం పోతివి. ముసిలి ఉపదేశి దగ్గర చిలక పలుకులు నేరిస్తివి. తల్లికి కోపం రాకుండా ఉంటాదా? రేపు నీళ్ళొచ్చి బిడ్డలు కొట్టుకపోతే, నీ పాదిరి సామియార్ వచ్చి ఈదుతాడా?"

ఇరవై గుడిసెల మొహాలు ఆమె మీదికి తిరిగాయి. నిన్నటి దాకా ఉప్పూ చింతపండూ అడుక్కున్న మొహాలే. ఎవరో వెనక నుంచి, "అవును, ఆయమ్మ పోబట్టే ఇదంతా," అన్నారు. చెంగల్రాయన్ ఆ మాట విన్నాడు. కాదనలేదు. తల తిప్పుకుని ఊటను చూస్తూ నిలబడ్డాడు.

ఆమెను పట్నం కిరస్తానీ గుడికి పంపింది నిజానికి మన్నే. ఆమె పదేళ్ళప్పుడు వాళ్ళ నాయన గోరిమేడులో బావి దింపుతుంటే ఎర్రమన్ను జారి పైన పడింది. నాలుగు రోజులు తవ్వారు. వాన పట్టుకుంది. అయిదో రోజు తాళ్ళు చుట్టుకుని ఇంటికొచ్చేశారు. అక్కడిప్పుడు చిన్న పల్లం, దాంట్లో గడ్డి, అంతే. మన్ను మింగింది మళ్ళీ ఇవ్వదని ఆ రోజే ఆమెకు తెలిసింది. పోయినేడు పట్నంలో సమాధుల తోటకు గోడ కట్టడానికి రాళ్ళు మోస్తూ కల్లరపండగ చూసింది. సమాధులను పెళ్ళికూతుళ్ళ మాదిరి అలంకరిస్తున్నారు. "చచ్చినోళ్ళకు ఇంత సోకెందుకు తాతా?" అని అక్కడున్న ముసలాయనను అడిగింది. ఆయన ఉపదేశి అరుళప్పన్, వేదంలో కలిసేవాళ్ళకు జపాలు నేర్పే మనిషి. పొడుం పీలుస్తూ, "లేస్తారు కదమ్మా, లేచేటప్పటికి బాగుండాల కదా," అన్నాడు. ఆమె నవ్వింది. నవ్వింది కానీ మరుసటి ఆదివారం వెళ్ళింది.

జపాలన్నీ నోటికి వచ్చాయి. విశ్వాసం చెప్పే జపంలో మాత్రం ఒక చోట ఆగిపోతుంది. చచ్చినవాళ్ళ శరీరాలు లేస్తాయనే చోట. మరిచిపోయిందనుకుని ఉపదేశి అందిస్తాడు. మరిచిపోలేదు. ఆ మాట దగ్గరికి రాగానే ఎర్రమన్ను నోట్లో పడ్డట్టు ఉంటుంది. నమ్మని మాట ఎట్టా చెప్పేది? రేపు సమాధుల తోటలో ఆఖరి పరీక్ష. అది నెగ్గితేనే జ్ఞానస్నానం.

"చిన్నపొన్నూ, ఒక పిడికెడు మన్నే కదమే," నీళ్ళోంచి మునియప్పన్ బతిమాలాడు. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఊట బొటనవేలంతైంది. బయటి వాలు నుంచి ఒక పెళ్ళ విరిగి జారింది. పిల్లలను ఎత్తుకుని కొందరు ఆడవాళ్ళు మెట్ట వైపు పరుగు తీశారు.

దిబ్బ మాట చెబితే గుమాస్తా ఇక్కడే ఉన్నాడు. మామను కచ్చేరికి పట్టుకుపోతారు. గుంపుకు మళ్ళీ పని దొరకదు. మామకు సంకెళ్ళు వేయించిన కోడలుగా ఆమె ఏ గుడిసెలో తల దాచుకోవాలి? చెప్పకపోతే కట్ట పోతుంది. పోనీ, చెప్పినా ఏం లాభం? దిబ్బ ఎక్కడుందో మామకే తెలియదు. ఆ చెయ్యి వెయ్యి, ఈ మాట దాచు అని రెండు వైపులా లాగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. కొంగు కళ్ళకు ఒత్తుకుంది. ఒడి జారి పూలు బురదలో రాలాయి.

ఎర్రగా, నిప్పుల మాదిరి రాలాయి.

ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. చిత్తిర మాసపు ఎండ కళ్ళ ముందుకొచ్చింది. పచ్చిక కోస్తుంటే పార అంచుకు తెల్లటి దుంప ఒకటి తగిలింది. నాగలి మాదిరి వంకర తిరిగిన కార్తిగ దుంప. విషపు దుంప, పారేద్దామనుకుంది. ఎందుకో మనసు రాక, పెళ్ళ కిందికే నెట్టి మన్ను కప్పింది. కట్టంతా కొత్త మన్ను, ఎక్కడా ఆ తీగ లేదు. ఒక్క చోట తప్ప.

పూడ్చినవాడు మరిచిన చోటును పూడ్చబడినది మరవలేదు. చీకట్లో, మూరెడు మన్ను కింద, ఎండలన్నీ కాచుకుని, ఏ రోజు లేవాలో దానికి ఎవరో చెప్పారు. బాతులకు చెప్పినవాడే చెప్పాడు.

"మామా," అంది. "దిబ్బ యాడుందో నాకు తెలుసు."

చెంగల్రాయన్ ఉలిక్కిపడ్డాడు. గుమాస్తా గొడుగు ఇటు తిరిగింది.

"ఏ దిబ్బ?" అన్నాడు చెంగల్రాయన్. కళ్ళు మాత్రం, ఊరుకో తల్లీ, అంటున్నాయి.

"సాక్షి దిబ్బ. పచ్చికతో పూడ్చింది."

"నీకు పిచ్చి పట్టిందా పిల్లా? దిబ్బ లేదు గిబ్బ లేదు!"

"ఉండాది మామా. పెళ్ళ పెట్టింది నేను. నా ఈ చేతుల్తో పెట్టినా." ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "అయ్యా, రాసుకోవాలంటే నన్ను రాసుకోండి. ముందర కట్ట నిలపనీండి." తర్వాత కొంగు నడుముకు దోపి, కట్టెక్కి పరుగెత్తింది. ఊట ఉన్నచోటికి పదహారు బారల అవతల, తీగ దగ్గర నిలబడి అరిచింది. "ఇక్కడ మునుగయ్యా! ఈడనే!"

మునియప్పన్ నాయన వైపు చూశాడు. వాన ఆయన మొహం మీద కారుతూ ఉంది. కట్ట కింద ఇంకో పెళ్ళ విరిగింది.

"మునుగు రా," అన్నాడు ముసలాయన. "ఆ పిల్ల చెప్పిన చోటే మునుగు."

మునియప్పన్ మునిగాడు. తాడు పట్టుకున్నది చిన్నపొన్నే. తాడు ఒక్కసారిగా ఈడ్చుకుపోయింది, అరచేతుల తోలు లేచింది. కింద ఏదో పట్టి లాగుతోంది. ముగ్గురు వచ్చి తాడు పట్టారు. నీటి మీద బుడగలు లేచి, ఆగిపోయాయి. ఆమె దేవుణ్ణి పిలవలేదు. తాడును మాత్రం ఆ తీగ గడ్డిపోచను పట్టుకున్నట్టు వేళ్ళకు చుట్టుకుని నిలబడింది.

వాడు తేలాడు, దగ్గుతూ. "ఉండాది! తొడ దూరేంత నోరు! కాలు పీకేస్తాండాది!"

ఆ తర్వాత మాటలు లేవు, పనే. తాటాకు చాపలో బంకమన్ను కుక్కి దిండు మాదిరి చుట్టారు. మునియప్పన్ దాన్ని పట్టుకుని మూడుసార్లు మునిగాడు. మూడోసారి నీళ్ళే దిండును లాక్కుని నోట్లో ఇరికించుకున్నాయి. దాని మీద ఇంకొకటి, మరొకటి. తాటి మేకులు దించారు. ఆడవాళ్ళు వరుసగా నిలబడి తట్టలు అందించారు. అమ్మాయమ్మ తట్ట ఎత్తి కోడలికి అందించింది, కోడలు అందుకుని వాలు మీద పోసింది. మొహాలు చూసుకోలేదు. గంగమ్మ పేరు చెప్పి వేసిన పిడికెళ్ళూ, పేరు చెప్పకుండా వేసిన తట్టలూ ఒకే చోట పడ్డాయి. తీగ ఆ తొక్కిసలాటలో నలిగి పోయింది.

అందరూ బయటి వాలు దిగి ఊట చుట్టూ నిలబడ్డారు. కుడితి రంగు. అదే కుడితి రంగు. గుమాస్తా చెప్పులు ఎక్కడో పారేసుకుని మోకాలి లోతు బురదలో వంగి చూస్తున్నాడు. పట్నం గుడి నుంచి మధ్యాహ్నపు గంట గాలిలో సన్నగా వినబడింది. గంట ఆగింది. ఊట చిటికెన వేలంతైంది. తర్వాత పాలు విరిగినట్టు నీళ్ళలో మడ్డి వేరు, తేట వేరు కాసాగాయి. చెంగల్రాయన్ దోసిలి పట్టాడు. దోసిట్లో ఆయన అరచేతి గీతలు కనబడ్డాయి.

ఆయన లేచి గుమాస్తా ముందు చేతులు కట్టుకున్నాడు. "రాసుకో అయ్యా. దిబ్బ పెంచింది నేను. పూడ్చింది నేను. ఈ పిల్ల నేను చెప్పిన పని చేసింది."

గోవిందరాజన్ పెన్సిలు తీశాడు. తన సంతకం ఉన్న కొలతలు గుర్తొచ్చాయి కాబోలు, పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "వచ్చే చిత్తిరలో ఈ నలభై బారలూ తవ్వి మళ్ళీ కట్టాల. చారెడు కూలి గూడా అడక్కుండా. నేను ముందర నిలబడి చూస్తా. లేదా దొరకు మొత్తం చెప్పి, నాతో పాటు నిన్నూ ముంచుతా."

"కడతాం అయ్యా."

అమ్మాయమ్మ బురదలోంచి ఒక పువ్వు ఏరింది. నలిగినా రంగు పోలేదు. నీళ్ళలో జాడించి కోడలి చేతిలో పెట్టింది. "రేపు పొయ్యేటప్పుడు ఆ పాత కోక కట్టుకోబాక. నాది ఉండాది." గంగమ్మ రాళ్ళ దగ్గరికి దీపం పెట్టడానికి వెళ్ళిపోయింది.

మరునాడు సమాధుల తోట నిండా పూలు. ఉపదేశి అరుళప్పన్ ఒక రాతి మీద కూర్చుని, "చెప్పమ్మా," అన్నాడు. చిన్నపొన్ను మొదలుపెట్టింది. ఆ చోటు దగ్గరపడే కొద్దీ ఆయన అందించడానికి నోరు తెరిచాడు. ఆమె గోళ్ళలో ఇంకా బంకమన్ను ఉంది. చచ్చినవాళ్ళు లేస్తారని ఆమె చెప్పింది, తొందరపడకుండా, బావిలోకి తాడు దింపినట్టు. ఆయన వేళ్ళ మధ్య పొడుం అట్టే ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు చుట్టు దారైనా గోరిమేడు మీదుగా వచ్చింది. కొంగులో కట్ట మీద ఏరుకున్న నలిగిన దుంప ముక్క ఉంది. నాయన మీద మన్ను జారిన పల్లం దగ్గర చెంగల్రాయన్ గడ్డపార పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో, చుట్ట ఆరిపోయింది.

"నిన్న దుంప ఏరుకుంటాంటే చూసినా. ఈడికే తెస్తావని అనుకున్నా," అన్నాడు. లేచి గడ్డపార ఎత్తాడు. "ఎంత లోతు తియ్యాల?"

"మూరెడు చాలు మామా. అంతలోంచి వచ్చింది గదా."

ఆయన ఎర్రమన్నులో గడ్డపార దింపాడు. ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి, కింది చప్పుడు విన్నాడు. ఏం వినబడిందో చెప్పలేదు. ఇంకో దెబ్బ వేశాడు.